ప్యూర్టో రికో: రాష్ట్రమా, స్వతంత్ర దేశమా, స్వేచ్ఛా అనుబంధమా? ఏ దారిలో ఎవరికి ఏం దక్కుతుంది, ఏం పోతుంది

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు చలికాలం సెలవులకు కరీబియన్‌లోని అమెరికా పాలిత ద్వీపం ప్యూర్టో రికో రాజధాని శాన్ హువాన్ వెళితే అక్కడ ఇమ్మిగ్రేషన్ క్యూ ఉండదు. న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడా వెళ్లినట్టే దిగి, అదే డాలరుతో టాక్సీ ఎక్కేస్తారు. ఆ టాక్సీ నడిపే మనిషి అక్కడే పుట్టి ఉంటే అమెరికా పౌరుడే. అయినా ద్వీపంలో కాపురం ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికలో అతనికి ఓటు లేదు. సెనేట్‌లో అతని తరఫున ఎవరూ లేరు. ప్రతినిధుల సభలో ఉన్న ఒక్క రెసిడెంట్ కమిషనర్ మాట్లాడొచ్చు గానీ, చట్టం మీద తుది ఓటింగులో చెయ్యెత్తలేరు. అదే మనిషి ఆర్లాండోకి మకాం మారిస్తే ఇవన్నీ వచ్చేస్తాయి. అంటే ఈ హక్కులు చిరునామాని బట్టి ఉన్నాయి, మనిషిని బట్టి కాదు.

దీన్ని సరిదిద్దడానికి మూడు దారులున్నాయని (అమెరికాలో రాష్ట్రం కావడం, స్వతంత్ర దేశం కావడం, సొంత దేశంగా ఉంటూ అమెరికాతో ఒప్పందం మీద నడిచే స్వేచ్ఛా అనుబంధం) ద్వీపంలో చాలామంది ఒప్పుకుంటారు, ఏ దారి అన్నదగ్గరే విడిపోతారు. "హోదా" అనగానే ఆంధ్రా పాఠకులకు వేరే గొడవ గుర్తుకొస్తుంది. ఇక్కడి హోదా నిధుల సంగతి ఒక్కటే కాదు, అసలు ఈ నేల ఎవరిదన్న ప్రశ్న.

## చరిత్రలో ఇప్పటికీ పనిచేస్తున్న భాగం

1493 నవంబరులో కొలంబస్ రెండో యాత్రలో వచ్చేనాటికి తాయినో జనం ఈ ద్వీపాన్ని బోరికెన్ అనేవారు. 1508లో పోన్సె దె లియోన్ కాపర్రాలో తొలి స్పానిష్ స్థావరం పెట్టాడు. ఆ తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్లు స్పెయిన్ పాలన. 1868లో లారెస్‌లో తిరుగుబాటు రేగి త్వరగానే అణిగిపోయింది. 1873లో బానిసత్వం రద్దయింది. 1897 నవంబరులో స్పెయిన్ స్వపరిపాలన చార్టర్ ఇచ్చింది. స్పెయిన్ పార్లమెంటులో ద్వీపానికి ఓటున్న ప్రతినిధులు ఉండేవారన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి, అమెరికా ఇప్పటికీ ఆ పాటి కూడా ఇవ్వలేదు. చార్టర్ కింద ప్రభుత్వం కుదురుకోకముందే, 1898 జులై 25న అమెరికా సైన్యం గువానికాలో దిగింది. డిసెంబరులో పారిస్ ఒప్పందంతో ద్వీపం చేతులు మారింది. జనాన్ని ఎవరూ అడగలేదు.

నేటి ఎంపికల్ని బిగించి ఉంచుతున్న ముడులు ఆ తర్వాత పడ్డవే. 1901లో డౌన్స్ కేసులో సుప్రీంకోర్టు, ఈ ద్వీపం అమెరికాకు చెందినదే గానీ అమెరికాలో భాగం కాదని తేల్చింది. రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు తప్ప మిగతావి ఎంతవరకు వర్తించాలో కాంగ్రెస్ ఇష్టం. 1917లో జోన్స్ చట్టం పౌరసత్వం ఇచ్చింది, కానీ అది రాజ్యాంగం నుంచి కాక చట్టం నుంచి వచ్చిన పౌరసత్వం. 1948లో తొలిసారి గవర్నర్‌ను జనం ఎన్నుకున్నారు, లూయిస్ మునోస్ మారిన్ గెలిచాడు. 1952 జులై 25న, సైన్యం దిగిన తేదీనే ఎంచుకుని, సొంత రాజ్యాంగం అమలులోకి తెచ్చారు. స్పానిష్‌లో దాని పేరు "ఎస్తాదో లిబ్రె అసోసియాదో", అంటే స్వేచ్ఛగా అనుబంధమైన రాష్ట్రం. నిజానికి అది రాష్ట్రమూ కాదు, అనుబంధ దేశమూ కాదు.

## ముందు కొలబద్దలు

ఏ జెండా బాగుందో తర్వాత చూసుకోవచ్చు. ముందు ప్రతి దారినీ ఈ ప్రశ్నలు అడగాలి. చివరి మాట ఎవరిది? ఇప్పుడు బతికున్నవాళ్ల పౌరసత్వం ఏమవుతుంది, రేపు పుట్టబోయేవాళ్ల సంగతేమిటి (ఈ రెంటికీ జవాబు ఒకటి కాదు)? పన్నులు, సహాయ పథకాలు ఎటు మారతాయి? ఓడలు, కంపెనీలు ఏం చేస్తాయి? స్పానిష్ భాష, విడి ఒలింపిక్ జట్టు నిలుస్తాయా? నచ్చకపోతే వెనక్కి రావచ్చా?

| | ఇప్పుడున్నది | రాష్ట్రం | స్వాతంత్ర్యం | స్వేచ్ఛా అనుబంధం |
|---|---|---|---|---|
| చివరి మాట | అమెరికా కాంగ్రెస్ | సమాఖ్య, అందులో సొంత ఓట్లతో | ద్వీపం | ద్వీపం, రక్షణ మాత్రం చాలావరకు అమెరికా |
| రేపు పుట్టేవారి పౌరసత్వం | చట్టం వల్ల | రాజ్యాంగం వల్ల | ఆటోమేటిక్‌గా రాదు | ఒప్పందంలో రాసుకున్నట్టు |
| సమాఖ్య ఆదాయపు పన్ను | స్థానిక సంపాదన మీద లేదు | ఉంటుంది | ఉండదు | ఒప్పందాన్ని బట్టి |
| సహాయ పథకాలు | కోతలతో | పూర్తిగా | క్రమంగా ఆగుతాయి | ఒప్పందాన్ని బట్టి |
| విడి ఒలింపిక్ జట్టు | ఉంది | పోతుంది | ఉంటుంది | ఉంటుంది |
| వెనక్కి రావడం | వీలుంది | లేదు | ఆచరణలో లేదు | ఏ పక్షమైనా తెంచుకోవచ్చు |

చివరి నిలువు వరుసలో "ఒప్పందాన్ని బట్టి" ఎన్నిసార్లు వచ్చిందో చూశారు కదా. దాని సంగతికి తర్వాత వస్తాను.

## ఇప్పుడున్న స్థితి: 2016 జూన్‌లో తేలిపోయింది

1952 నాటి ఏర్పాటు కాంగ్రెస్‌తో సమాన స్థాయిలో కుదిరిన ఒడంబడిక అని దాన్ని సమర్థించే ద్వీపంలోని పాపులర్ డెమోక్రటిక్ పార్టీ దశాబ్దాలుగా చెప్పుకుంటూ వచ్చింది. 2016 జూన్‌లో ఒకే నెలలో మూడు దెబ్బలు తగిలాయి. 9న సాంచెజ్ వాయే కేసులో సుప్రీంకోర్టు, ద్వీపం శిక్షాధికారానికి మూలం కాంగ్రెసేనని, అది విడి సార్వభౌమాధికారం కాదని చెప్పింది. 13న మరో తీర్పులో, ద్వీపం సొంతంగా దివాలా చట్టం చేసుకోవడానికి వీల్లేదంది. 30న ద్వీపం అప్పుల కోసం తెచ్చిన ప్రొమెసా చట్టం మీద ఒబామా సంతకం పెట్టాడు. ఏడుగురు సభ్యుల ఆర్థిక పర్యవేక్షణ బోర్డు వచ్చి గవర్నర్ బడ్జెట్ నెత్తిన కూర్చుంది. గవర్నర్‌కు అందులో కుర్చీ ఉంది, ఓటు లేదు. జనం దాన్ని "లా హుంతా" (బోర్డు అని అర్థం, నిరంకుశ ముఠా అన్న ధ్వనీ ఉంది) అనే పిలుస్తారు, ఆ పిలుపులో ప్రేమేమీ లేదు.

అప్పు అంతగా ఎందుకు పెరిగిందో తెలిస్తే ఈ స్థితిలోని లోపం అర్థమవుతుంది. 1917 చట్టం వల్ల ద్వీపం బాండ్ల మీద వడ్డీకి సమాఖ్య, రాష్ట్ర, స్థానిక పన్నులు మూడూ లేవు. అందుకని వాటిని ఎంత జారీ చేసినా కొనేవాళ్లు దొరికారు. 1976 నుంచి సమాఖ్య పన్ను చట్టంలోని సెక్షన్ 936 రాయితీతో ఫార్మా కంపెనీలు వచ్చాయి. 1996లో కాంగ్రెస్ దాన్ని రద్దు చేసి, పదేళ్లలో తీసేసింది. ఆదాయం పడిపోయిన చోట బాండ్లతో నెట్టుకొచ్చారు. చివరికి చేతులెత్తేద్దామంటే, 1984లోనే కాంగ్రెస్ ఈ ద్వీపాన్ని దివాలా చట్టం తొమ్మిదో అధ్యాయం (నగరాలు, ప్రభుత్వ సంస్థల దివాలాకు దారి) నుంచి తప్పించి ఉంది. 70 బిలియన్ డాలర్లు దాటిన బాండ్ల అప్పు, సుమారు 50 బిలియన్ల పింఛను బాకీ మిగిలాయి. ప్రభుత్వ అప్పులో ప్రధాన భాగం 2022 మార్చిలో దివాలా నుంచి బయటపడింది, కరెంటు సంస్థ అప్పు మాత్రం ఆ తర్వాతా కోర్టులోనే నలిగింది. ఇచ్చిందీ తీసుకున్నదీ వాషింగ్టనే, నిర్ణయాల్లో ద్వీపానికి ఓటు లేదు.

లాభం లేదా అంటే కొందరికి ఉంది. ద్వీపంలో సంపాదించిన దాని మీద సమాఖ్య ఆదాయపు పన్ను లేదు. "పన్నే లేదు" అనుకుంటే మాత్రం పొరపాటు: సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (పెద్దవాళ్ల వైద్య బీమా) కోతలు పడతాయి, స్థానిక ఆదాయపు పన్ను పై అంతస్తులో 33 శాతం, అమ్మకం పన్ను 11.5 శాతం. 2012 నుంచి వచ్చిన రాయితీ చట్టాలను చూసుకుని ప్రధాన భూభాగం నుంచి మకాం మార్చిన ధనికులకు ఈ స్థితి బంగారం. తెల్లరేషన్ కార్డు స్థాయిలో బతికే ఇంటికి కాదు.

## రాష్ట్ర హోదా: డబ్బు లెక్కలో బలమైనది, తాళం వాషింగ్టన్‌లో

పేద ఇంటికి దీనివల్ల వచ్చే తేడా నేరుగా కనిపిస్తుంది. వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఎస్ఎస్ఐ సాయం 2024లో ఒంటరి మనిషికి గరిష్ఠంగా నెలకు 943 డాలర్లు. ద్వీపంలో అది లేదు. దాని స్థానంలో ఉన్న పాత పథకం సగటున వంద డాలర్లు కూడా ఇవ్వదు. న్యూయార్క్‌లో ఎస్ఎస్ఐ అందుకుంటూ ద్వీపానికి మారిన ఒక వ్యక్తిని ప్రభుత్వం 28,000 డాలర్లకు పైగా తిరిగి కట్టమంది. 2022లో సుప్రీంకోర్టు 8-1తో, ద్వీపాన్ని పథకం నుంచి తప్పించే హక్కు కాంగ్రెస్‌కు ఉందని తేల్చింది. ఆహార సాయానిదీ అదే కథ. రాష్ట్రాల్లో అవసరం పెరిగితే సొమ్ము దానంతట అదే పెరుగుతుంది. ఇక్కడ 1982 నుంచి ఏటా ఒక గంపగుత్త మొత్తమే. 2017లో మరియా తుఫాను తర్వాత ఇచ్చిన అదనపు సాయం అయిపోయి, కాంగ్రెస్ మళ్లీ ఓటు వేసేలోపు, 2019 మార్చిలో లక్షల కుటుంబాల కార్డుల్లో డబ్బు తగ్గిపోయింది.

నష్టం కంపెనీల వైపు కనిపిస్తుంది. కార్పొరేట్ పన్ను విషయంలో ఈ ద్వీపం ఇప్పుడు విదేశం కింద లెక్క. రాష్ట్రమైతే ఆ వెసులుబాటు పోతుంది. రాజ్యాంగం సమాఖ్య పన్నులు అన్ని రాష్ట్రాల్లో ఒకేలా ఉండాలంటుంది కాబట్టి, పరివర్తన కాలం దాటాక మినహాయింపు అడగడం కుదరదు. ఫార్మా ప్లాంట్లన్నీ రాత్రికి రాత్రి పోవు, శుద్ధి గదులు, అనుమతులు, శిక్షణ పొందిన పనివాళ్లు అంత తేలిగ్గా కదలరు. కొత్త ప్లాంటు మాత్రం ఇక్కడే పెట్టాలన్న ఆకర్షణ తగ్గుతుంది.

భాష గురించిన భయం సగం నిజం. అమెరికాలో ఇంగ్లిష్ తప్పనిసరి అని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. కానీ చేర్చుకునేటప్పుడు కాంగ్రెస్ షరతులు పెట్టగలదు, న్యూ మెక్సికోను చేర్చుకోవడానికి 1910లో చేసిన చట్టంలో బడుల్లో ఇంగ్లిష్ బోధన షరతు పెట్టింది. ఇప్పటికే శాన్ హువాన్‌లోని సమాఖ్య కోర్టు ఇంగ్లిష్‌లో నడుస్తుంది, ఇంగ్లిష్ రాకపోతే జ్యూరీలో కూర్చోలేరు. స్థానిక కోర్టులు స్పానిష్‌లో నడుస్తాయి. ఇక ఒలింపిక్స్: 1948 నుంచి విడి జట్టు ఉంది. 2016 రియోలో మోనికా పుయిగ్ టెన్నిస్‌లో ద్వీపానికి తొలి స్వర్ణం తెచ్చింది. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా ఉంటుంది, రాష్ట్రం కావాలనేవాళ్లలోనూ కొందరికి గొంతులో అడ్డుపడేది ఇదే.

ఇక దారి. చట్టప్రకారం రెండు సభల్లో సాధారణ మెజారిటీ, అధ్యక్షుడి సంతకం చాలు. ఆచరణలో సెనేట్‌లో చర్చ ముగించడానికి 100లో 60 ఓట్లు కావాలి. దాదాపు 33 లక్షల జనాభాకు ఇద్దరు సెనేటర్లు, నలుగురు ప్రతినిధులు రావచ్చు, అంతే జనాభా ఉన్న యూటాకు నలుగురున్నారు. ప్రతినిధుల సభ 435కు బిగిసి ఉంది కాబట్టి ఆ నాలుగు సీట్లు వేరే రాష్ట్రాల నుంచి పోవాలి. బయటికి చెప్పని వ్యతిరేకతకు ఇదొక కారణం. ఇంకో మాట: 1869 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఒకసారి చేరిన రాష్ట్రం తనంతట తాను విడిపోలేదు.

పక్కనే ఫ్రెంచి మార్టినిక్ 1946లో ఫ్రాన్స్‌లో పూర్తి విభాగమైంది. పారిస్‌లో ఓటు, పింఛన్లు, వైద్యం అన్నీ వచ్చాయి. అయినా సరుకుల ధరల మీద 2009లో, 2024లో జనం వీధుల్లోకి వచ్చారు. విలీనం సాయాన్ని సరిచేస్తుంది, ద్వీపపు ఖర్చుల్ని కాదు.

## స్వాతంత్ర్యం: గౌరవం తేలిక, పరివర్తన కాలం బరువు

ఈ పక్షానికి ఓట్లు ఎందుకు తక్కువన్నదానికి సగం జవాబు పోలీసు రికార్డుల్లో ఉంది. 1937 మార్చి 21న పోన్సెలో జాతీయవాదుల ఊరేగింపు మీద పోలీసు కాల్పులు, 19 మంది మృతి. 1948 నుంచి 1957 దాకా అమల్లో ఉన్న "నోరు నొక్కే చట్టం" కింద స్వాతంత్ర్యం కోసం మాట్లాడినా, రాసినా జైలే. జాతీయవాదుల నాయకుడు పెద్రో అల్బిజు కాంపోస్ ఏళ్ల తరబడి జైల్లో మగ్గాడు. భయం ఇప్పుడు పలచబడింది. 2024 గవర్నర్ ఎన్నికలో స్వాతంత్ర్య పార్టీకి చెందిన హువాన్ దాల్మావ్ 30 శాతం దాటి రెండో స్థానంలో నిలిచాడు. ఆ ఓట్లన్నీ స్వాతంత్ర్యానికే పడ్డాయనుకోవద్దు. కరెంటు కోతల మీద, పాత పార్టీల అవినీతి మీద కోపంతో పడ్డవి చాలా ఉన్నాయి.

ఆచరణలో చూసుకోవాల్సినవి నాలుగు. 1920 నాటి నౌకా చట్టం తొలగిపోతుంది: ఇప్పుడు అమెరికా రేవు నుంచి ఇక్కడికి సరుకు తేవాలంటే ఓడ అమెరికాలో కట్టినదై, అమెరికా జెండాతో, అమెరికా సిబ్బందితో ఉండాలి. పక్కనున్న అమెరికన్ వర్జిన్ దీవులకు దీన్నుంచి మినహాయింపు ఉంది, ప్యూర్టో రికోకు లేదు. తిండిలో చాలా భాగం ఓడల్లో వచ్చే చోట ఇది నిజమైన లాభం. రెండోది డబ్బు. పనామా, ఈక్వడార్‌ల లాగా డాలరునే ఉంచుకోవచ్చు. అయితే బ్యాంకులు కుప్పకూలితే డాలర్లు అచ్చేసి ఆదుకునే సొంత కేంద్ర బ్యాంకు ఉండదు. మూడోది పింఛను. సోషల్ సెక్యూరిటీ సంపాదించుకున్న హక్కు, పౌరులు విదేశంలో ఉన్నా చెక్కు వస్తుంది. మెడికేర్ మాత్రం సాధారణంగా అమెరికా బయట చెల్లదు. అరవై దాటినవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. నాలుగోది వలస. ఫిలిప్పీన్స్‌కు 1934 చట్టం పదేళ్ల పరివర్తన కాలం పెట్టి, 1946లో స్వాతంత్ర్యం ఇచ్చింది. కానీ అదే చట్టం ఫిలిపినో వలసను ఏడాదికి 50 మందికి కుదించింది. ప్యూర్టో రికన్లు పౌరులు కాబట్టి అంత కఠినంగా ఉండదు, అయినా పరివర్తన చట్టంలో ప్రతి పంక్తినీ చదవాలనడానికి అదే సాక్ష్యం.

## స్వేచ్ఛా అనుబంధం: ధర చీటీ లేని సరుకు

1960లో ఐక్యరాజ్యసమితి తీర్మానం 1541 వలస స్థితి ముగియడానికి మూడు రూపాలు చెప్పింది: స్వాతంత్ర్యం, విలీనం, స్వేచ్ఛా అనుబంధం. మూడోదానిలో దేశం సార్వభౌమమే, కొన్ని పనులు ఇష్టపూర్వకంగా మరో దేశానికి అప్పగిస్తుంది. పసిఫిక్ దీవుల దేశాలైన పలావు, మార్షల్ దీవులు, మైక్రోనేషియా ఇప్పుడు అమెరికాతో ఇలా ఉన్నాయి. వాళ్లు అమెరికా పౌరులు కారు. వీసా లేకుండా వెళ్లి ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు. రక్షణ అమెరికాది. 2024లో ఈ మూడింటికీ కలిపి 20 ఏళ్లకు సుమారు 7.1 బిలియన్ డాలర్లతో ఒప్పందాలు పొడిగించారు.

వింటే రెండు వైపులా మేలే అనిపిస్తుంది. లోపం ఎక్కడుందో పేదల వైద్య సాయ పథకం మెడికెయిడ్ చూపిస్తుంది. 1996 సంక్షేమ చట్టంతో ఆ దీవుల నుంచి అమెరికాకు వచ్చి స్థిరపడినవాళ్లకు వైద్య సాయం ఆగిపోయింది, తిరిగి ఇచ్చింది 2020 డిసెంబరులో. ఒప్పందం తెంచకుండానే, వేరే చట్టంలో ఒక వాక్యంతో 24 ఏళ్లు పోయాయి. న్యూజిలాండ్‌తో ఇలాంటి అనుబంధంలో ఉన్న కుక్ దీవుల వాళ్లకు ఆ దేశ పౌరసత్వం ఉంది, మాకూ అలా కావాలని ఇక్కడి సమర్థకులు అంటారు. అది న్యాయమైన కోరికే, కానీ అమెరికా ఇంతవరకు ఎవరికీ అలా ఇవ్వలేదు. 2022 డిసెంబరులో ప్రతినిధుల సభ 233-191తో ఆమోదించిన ప్యూర్టో రికో హోదా బిల్లులో, అనుబంధ మార్గంలో, తల్లిదండ్రులిద్దరూ అమెరికా పౌరులైతే పిల్లలకు పౌరసత్వం వస్తుంది, అదీ తొలి ఒప్పందం నడిచినంతకాలమే. సెనేట్ దాన్ని ముట్టుకోలేదు, సభ గడువుతో బిల్లూ పోయింది.

## ఎవరు దేన్ని ముందు చూడాలి

పింఛను, మందుల మీద బతికే పెద్దవాళ్లకు రాష్ట్రం స్పష్టంగా మేలు. అనుబంధమైతే మెడికేర్ ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి, మాటమీద నమ్మడం ప్రమాదం. పుట్టబోయే పిల్లల గురించి ఆలోచించే జంట పౌరసత్వం చట్టం మీదా, రాజ్యాంగం మీదా, ఒప్పందం మీదా నిలబడి ఉందో చూసుకోవాలి. మూడింటిలో రాజ్యాంగానిదే గట్టి పునాది. ఫార్మా ప్లాంటులో చేసేవాళ్లకు రాష్ట్రం కన్నా, విదేశీ పన్ను లెక్క నిలిచే దారులు మేలు. అందులోనూ ముందు చూడాల్సింది అమెరికా మార్కెట్‌లోకి సుంకం లేకుండా వెళ్లే హామీ. ద్వీపం బయట స్థిరపడిన సుమారు 58 లక్షల మందికి ఓటు లేదు, కానీ ఏ దారి పడినా వాళ్ల ఇంటికే చుట్టాలు వస్తారు. తన నేల మీద చివరి మాట తనదే కావాలనేవాళ్లకు పై లెక్కలు అనవసరం, వాళ్లకు స్వాతంత్ర్యమే జవాబు. దానికి తగ్గ ఖర్చును దాచకుండా చెప్పే నాయకుణ్ని ఎంచుకుంటే చాలు.

నా మటుకు, ఇప్పుడున్న స్థితిని లెక్కలోంచి తీసేయవచ్చు. రాష్ట్రం, అనుబంధం మధ్య తేల్చడానికి కాగితం మీద ఒప్పందం ముసాయిదా ఉండాలి. అది లేకుండా అనుబంధానికి వేసే ఓటు ఖాళీ చెక్కు మీద సంతకం లాంటిది.

## ఓట్ల లెక్క చదివేటప్పుడు

ఇంతవరకు జరిగిన ఏ ప్రజాభిప్రాయ సేకరణకూ కాంగ్రెస్ కట్టుబడాల్సిన పని లేదు. 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిప్పికొట్టినా పార్లమెంటు ఆమోదించింది. అక్కడ కాదన్నది ఆపలేకపోయింది, ఇక్కడ అవునన్నది కదిలించలేకపోతోంది.

అంకెల్లో తికమకలూ ఉన్నాయి. 1967లో ఉన్న స్థితికే 60 శాతం. 1998లో "పైవేవీ కావు" 50 శాతం దాటి గెలిచింది, ఉన్న స్థితికి బ్యాలెట్‌లో ఇచ్చిన నిర్వచనం నచ్చక దాని మద్దతుదార్లే అలా వేశారు. 2012లో రాష్ట్రానికి 61 శాతం అంటారు. దాదాపు 5 లక్షల ఖాళీ బ్యాలెట్లు కలిపితే అది 44కు దిగుతుంది. 2017లో 97 శాతం, పోలైంది మాత్రం 23 శాతమే, మిగతా పక్షాలు బహిష్కరించాయి. 2020లో రాష్ట్రం కావాలా వద్దా అని సూటిగా అడిగితే 52.5 శాతం కావాలన్నారు. వీటన్నిటిలో నమ్మదగింది ఇదే, ఎందుకంటే వద్దనేవాళ్లకూ అందులో చోటుంది. 2024లో ఉన్న స్థితిని బ్యాలెట్ నుంచే తీసేశారు. చెల్లిన ఓట్లలో రాష్ట్రానికి 58 శాతానికి పైగా, అనుబంధానికి 30కి కాస్త తక్కువ, స్వాతంత్ర్యానికి 12కు దగ్గర. చివరి రెండూ సార్వభౌమ దారులే, కలిపితే 40 దాటాయి. 1967లో స్వాతంత్ర్యానికి వచ్చింది ఒక్క శాతం కూడా కాదు.